కట్టకు ఇరువదియైదు

సినిమా యను మాట వినబడగానే ముఖము చిట్లించుకొను ఉపాధ్యాయినులలో నేనొకతెను. అట్టి నేను 2019వ సంవత్సరమున ఒక సినిమాకు సగము కర్తనై, దాని మూలమున చేయరాని పని యొకటి చేసితిని. పిదప దానిని సరిదిద్దుకొనుటకు పడిన పాటును ఈ పత్రిక చదువు సోదరీమణులకు చెప్పవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను. ఇంతవరకు చెప్పకపోవుటకు కారణము సిగ్గేగాని వేరొకటి కాదు.

నాది గోదావరి తీరము. ఉద్యోగరీత్యా నిజామాబాదు జిల్లాకు వచ్చి ఒక బాలికల డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించుచుంటిని. ఆ యేడు జనవరి మాసములో తుది సంవత్సరపు బాలికలు ఐదుగురు నా వద్దకు వచ్చిరి. విద్యార్థులు తీసిన యథార్థ చిత్రములకు, అనగా డాక్యుమెంటరీలకు, ఏదో పోటీ జరుగుచున్నదట. చిత్రము 15 నిమిషములకు మించరాదు. సాంఘికమో ఆర్థికమో ఒక సమస్యను గూర్చి యుండవలెను. అధ్యాపకురాలొకతె బాధ్యత వహించి సంతకము చేయవలెను. సమాజశాస్త్రము బోధించు నామె సెలవులో నుండుటచే ఆ సంతకము నా పాలబడినది. "మీ గొంతు మంచిగుంటది మేడం, వ్యాఖ్యానం గూడ మీరే చదవాలె" అని వారు నన్ను పొగడిరి. పొగడ్తకు లొంగని తెలుగు పంతులమ్మను నేనింతవరకు చూడలేదు.

వరకట్నము, ప్లాస్టిక్కు సంచులు, రైతుల అప్పులు అన్నియు తలచి, తుదకు బీడీపని యని నిశ్చయించుకొంటిమి. బస్సులో కళాశాలకు వచ్చునప్పుడు ఏ యూరు దాటినను అరుగులమీద స్త్రీలు చాటలు ఒడిలో నుంచుకొని తలవంచి కూర్చుండుట వారందరు నిత్యము చూచునదే. నాకు మాత్రము అది కొత్త. మా ప్రాంతమున పొగాకు తోటలు నెరుగుదును, చుట్టలు చుట్టుట నెరుగుదును గాని, యూరికి యూరే ఒడిలో చాటతో కూర్చుండుటను ఇచ్చటికి వచ్చిన తర్వాతనే చూచితిని.

ఈ పని యెరుగనివారికొరకు నాలుగు మాటలు చెప్పెదను. తునికాకు వేసవిలో అడవులనుండి వచ్చును. టేకేదారు వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూచి యిచ్చును. ఆకును నీటిలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి యుంచి, మెత్తబడిన పిదప చిన్న రేకుముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కత్తిరింతురు. ఒక్కొక్క ముక్కలో చిటికెడు తంబాకు పరచి, వ్రేళ్ళతో చుట్టి, కొన మడిచి, దారము కట్టుదురు. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైన వెయ్యి. చేయి తిరిగిన యామెకు గంటకు నాలుగు కట్టలగును. అనగా వెయ్యికి పది గంటలు. వంటకు, నీళ్ళకు, పిల్లలకు పట్టిన కాలము వేరు. ఈ కట్టలను కార్ఖానాకు చేర్చినప్పుడు అచ్చట నొకడు త్రిప్పి చూచి, వదులుగా నున్నవానిని, ఆకు చిట్లినవానిని తీసి పారవైచును. వానికి కూలి లేదు. అంతేకాక ఆకు తక్కువపడినచో ఆమె తానే కొని నింపవలెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారము దేశములో ఈ పని చేయువారు సుమారు 50 లక్షలమంది. వారిలో పెక్కుమంది స్త్రీలు. ఇంటిలో కూర్చుండియే చేయువారు.

మా ఐదుగురిలో ఒక బాలిక ఆర్మూరు దాపునున్న గ్రామమునుండి వచ్చుచుండెను. ఆమె మాటకారి కాదు. తరగతిలో మూడవ వరుసలో గోడవైపు కూర్చుండి, అడిగిననే గాని పలుకదు. ఆమె తల్లియు బీడీలు చేయునదే. తక్కిన నలుగురు "మీ యింట్లనే తీద్దామే" అని బతిమాలిరి గాని ఆమె ఒప్పుకొనలేదు. "మా యింట్ల వద్దు, పక్కింటి పెద్దవ్వ నడుగుత" అని మాత్రము చెప్పినది. ఆ మాటలోని బరువు అప్పుడు నాకు తెలియలేదు.

పెద్దవ్వకు ఏబది అయిదేండ్లుండును. భర్త లేడు. కొడుకు దుబాయిలో కూలిపనికి పోయినాడు. మేము మొదటి యాదివారము పోవుసరికి ఆమె అరుగుమీద చాట ముందుంచుకొని యుండెను. మా దండును చూచి నవ్వి, "ఇంతమంది ఒక్క ముసల్దాన్ని పట్టవోతున్నరా బిడ్డా" అనెను.

మా సాధనములు మూడు సెల్‌ఫోనులు, ఒక కెమెరా, ఒక దీపము. ఆ కెమెరాయు దీపమును ఒక బాలిక మేనమామవి. ఆయన పెండ్లిండ్లకు వీడియోలు తీయువాడు. ఆ దీపము పాతకాలపుది. వెలిగించినచో పెండ్లికొడుకు ముఖమున చెమట గ్రమ్మునంతటి వేడి. ఇంటి లోపలి గదిలో చీకటిగా నున్నదని ఆ దీపమును పెద్దవ్వ ప్రక్కనే నిలిపితిమి. "ఇంకొక్కసారి అవ్వా", "ఇటు దిరిగి చుట్టు", "చేతులు జర మెల్లగ" అని బాలికలు అడిగినప్పుడెల్ల ఆమె విసుగులేక చేసెను. చుట్టిన బీడీని విప్పి మరల చుట్టెను. మెల్లగా చుట్టుట ఆమెకు చేతకాలేదు. ముప్పదియేండ్లుగా వేగమునకు మరిగిన వ్రేళ్ళు అవి. మెల్లగా పోవలెనన్నచో తడబడినవి. మేము సాయంకాలమువరకు అచ్చటనే యుండి, ఆమె పెట్టిన టీ త్రాగి, మంచి పని చేసితిమను తృప్తితో ఇండ్లకు పోయితిమి.

మరుసటి వారము పోయినప్పుడు తెలిసినది. మా దీపము వేడికి ఆకు ఎండి పెళుసెక్కినదట. కార్ఖానాలో ఆరు కట్టలు తీసి పారవైచినారట. ఆమె మాతో ఫిర్యాదు చేయలేదు. మేము మరల దీపమును పైకెత్తుచుండగా, "గది ఇయ్యాల వద్దు బిడ్డా, మొన్న గది ఆరు కట్టలు తిన్నది" అని నవ్వుచునే అన్నది. ఆ నవ్వు చూచి నేను లెక్కవేసితిని. మా కొరకు పోయిన గంటలు మూడు, అనగా పండ్రెండు కట్టలు, చెడినవి ఆరు. రమారమి ఒక పూట కష్టము. మేము ఒక్క పైసా ఈయలేదు. యథార్థ చిత్రములో కనబడు వారికి డబ్బు ఈయరాదనియు, ఇచ్చినచో వారు మనకు కావలసినదే చెప్పుదురనియు బాలికలు ఎక్కడనో చదివియుండిరి. ఆ నియమము నెలజీతగాండ్రు ఏర్పరచినదని నాకప్పుడు తోచినది. గంటను గంటగా గాక కట్టలుగా లెక్కించువారియెడ ఆ నియమము ఎంతవరకు న్యాయమో నాకు నేటికిని తెలియదు.

నలుగురును కలిసి పోగుచేసి యీయబోగా పెద్దవ్వ తీసుకొనలేదు. "పైసలెందుకు? కూసోండ్రి, ఆకు కత్తిరించుండ్రి" అన్నది. కూర్చుంటిమి. ఒక్క గంటలో ఆరుగురము కలిసి కత్తిరించిన ఆకులో సగమునకు పైగా వంకరపోయినది. నేను రేకు కొలతను దాటి కోసిన ముక్కలు ఒక బీడీకి చాలవు, రెంటికి రావు. ఆమె వానిని ఒకప్రక్క త్రోసి, "మీరు సదువుకున్నోళ్ళు, ఇది మీతోని గాదు" అని కత్తెర పుచ్చుకొన్నది. అప్పు తీర్చబోయి అప్పు పెంచితిమి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఈ యథార్థ చిత్రములను మొదట తీసినవారు ఏమిచేసిరో చదువసాగితిని. పుస్తకములు చదువుట తప్ప పశ్చాత్తాపపడు మార్గము వేరొకటి మా వంటివారికి తెలియదు. ఈ కళకు తొలినాటి ప్రసిద్ధ చిత్రములలో నొకటి 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్'. ఉత్తర కెనడాలో మంచు నడుమ బ్రతుకు ఇన్యూటు జనుల కథ అది. మంచుగుడిసె లోపల కెమెరాకు వెలుతురు చాలకపోగా, ఆయన పెద్ద గుడిసె నొకదానిని కట్టించి, దాని యొకప్రక్కను తీసివేయించి, ఆ బహిరంగపు చలిలో వారిచేత నిద్రించునట్లు నటింపజేసెను. చదువుచుండగా నాకు పెండ్లి దీపము కన్నుల ముందు నిలిచినది. వెలుతురు కొరకు మేమును ఒకరి గోడ తీసివేసితిమి.

మరియొకటి 1935లో లండనునందు ఆర్థర్ ఎల్టన్, ఎడ్గర్ ఆన్‌స్టీ అనువారు తీసిన 'హౌసింగ్ ప్రాబ్లెమ్స్'. ఇరుకిండ్లలో నుండు పేదజనులే కెమెరా ముందు నిలిచి, తమ యిండ్లలోని ఎలుకలను, నల్లులను, కూలు గోడలను గూర్చి తామే చెప్పుకొనిరి. ఆ జనులతో మాటాడి వారి బెరుకు పోగొట్టిన యామె రూబీ గ్రియర్సన్ అను వనిత. ఆ చిత్రమునకు ధనమిచ్చినవారు గ్యాసు వ్యాపారస్థులనుట వేరు సంగతి. మన దేశములో ఆనంద్ పట్వర్ధన్ 1985లో 'బొంబాయి: అవర్ సిటీ' యను చిత్రము తీసెను. గుడిసెలు కూల్చబడిన జనుల కథ అది. అందులో ఒక స్త్రీ చిత్రము తీయువారినే నిలదీయును. మా బొమ్మలు తీసుకొనిపోవుటచే మాకేమి ఒరుగునని ఆమె భావము. ఆయన ఆ మాటలను తీసివేయక చిత్రములోనే యుంచెను. పెద్దవ్వ మమ్ము అట్లు నిలదీసినను బాగుండెడిది. ఆమె టీ ఇచ్చినది.

ఇక నా వ్యాఖ్యానపు సంగతి. దానిని నేను మిక్కిలి శ్రద్ధతో వ్రాసితిని. కన్నీరు అను మాట అందు ఏడుమార్లు వచ్చినది. మూడవ వారము దానిని బాలికల బలవంతముపై పెద్దవ్వకు చదివి వినిపించితిని. ఆమె చివరివరకు విని, "గదెవ్వలు మేడం, గంతగనం ఏడుస్తున్నరు?" అని అడిగినది. బాలికలు పక్కున నవ్విరి. నేను కాగితము మడిచి సంచిలో పెట్టుకొంటిని. "ఏడుసుడు ఎందుకు? నెలకు పది పదిహేను దినాలే ఆకిస్తున్నరు, గది చెప్పుండ్రి. ఇదివరకు నెలంత పని ఉంటుండె" అని ఆమె తానే అందుకొన్నది. అప్పుడు కెమెరా తిప్పి ఆమె ఎదుట పెట్టితిమి. ఆమె చాటలోనుండి తల యెత్తకయే చెప్పసాగినది.

ఆమె చెప్పినవి, మేము పిదప సరిచూచుకొన్నవి క్లుప్తముగా ఇవి. 2016లో పెట్టెలపైనను కట్టలపైనను 85 వంతుల మేర భయంకరమైన రోగపు బొమ్మలు వేయవలెనని నియమము వచ్చినప్పుడు కార్ఖానాలు కొన్నాళ్ళు మూతపడినవి. 2017లో జి.ఎస్.టి. వచ్చి బీడీపై నూటికి 28 వంతుల పన్ను పడినది. కార్మికుల సంక్షేమముకొరకు 1976 నాటి చట్టము ప్రకారము వసూలగుచున్న ప్రత్యేకపు సుంకము దానితో ఆగిపోయినది. ఇంటిలో చేయు స్త్రీని కూడ కార్మికురాలిగా గుర్తించిన 1966 నాటి చట్టము అప్పటికి అమలులో నుండెను. ఐనను ఆ గుర్తింపు చేతికందవలెనన్నచో పి.ఎఫ్. పుస్తకములో పేరుండవలెను. పుస్తకము లేక, ఒకరి పేరున మరియొకరు చేయువారు ఆ యూరిలోనే పలువురు. పుస్తకమున్నవారికి తెలంగాణ ప్రభుత్వము 2015నుండి నెలకు 1,000 రూపాయల జీవనభృతి ఇచ్చుచుండెను. మేము చిత్రము తీసిన కొలది మాసములకు అది 2,016 రూపాయలైనది. పుస్తకమున్న కోడలు వచ్చినచో అత్తవారికి సంతోషమనియు, పెండ్లిచూపులలో పిల్ల దినమునకు ఎన్ని బీడీలు చేయునని యడుగు రోజులు తాను చూచితిననియు పెద్దవ్వ చెప్పెను.

కెమెరా పట్టిన బాలిక చురుకైనది. ఆమె ఉన్నట్లుండి, "అవ్వా, ఈ బీడీలు తాగి మందికి క్యాన్సర్ వస్తది గద, నీకు బాధ గాదా?" అని అడిగినది. నాకు గుండె జల్లుమన్నది. మన దేశమున పొగాకువలన ఏటేట 13 లక్షలమందికి పైగా మరణించుచున్నారు. ప్రశ్న తప్పు కాదు. పెద్దవ్వ చేయి ఒక్క నిమిషము ఆగినది. "మా ఆయన గవే తాగి దగ్గి దగ్గి పోయిండు. నాకెరుక లేదా?" అన్నది. మరల చుట్టసాగినది. ఆ తర్వాత కొంతసేపు దారము తెగు చప్పుడు తప్ప ఏమియు లేదు. ఆ చప్పుడును మేము చిత్రములో అట్లే యుంచితిమి.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతికి వచ్చుచున్నాను.

ఆ మూడవ ఆదివారమే పెద్దవ్వ మాకు టీ కాచుటకు లోపలికి పోయినది. మేము అరుగుమీద మాటలలో నుంటిమి. ఆ మాటాడని బాలిక, గోడవైపు కూర్చుండునది, ఎప్పుడు తీసుకొన్నదో పెద్దవ్వ చాట తన యొడిలోనికి తీసుకొన్నది. ఆమె వ్రేళ్ళు ఆడసాగినవి. ఆకు, తంబాకు, చుట్టు, మడత, దారము. ఆమె వానివంక చూచుటయే లేదు, వీధివంక చూచుచున్నది. పెద్దవ్వ టీ గిన్నెతో వచ్చునప్పటికి చాటను తీసినచోటనే పెట్టి, చేతులు చున్నీకి తుడుచుకొన్నది. అరకట్టకు తక్కువ కాకుండ చేసియుండును. ఇదంతయు కెమెరా బాలిక తన ఫోనులో పట్టుకొన్నది. మాకెవ్వరికి తెలియదు.

కళాశాల కంప్యూటరు గదిలో ముక్కలన్నియు కూర్చుచుండగా అది తెరమీదికి వచ్చినది. గదిలో అందరము నిశ్శబ్దమైతిమి. అంతవరకు తీసిన దంతయు ఒక యెత్తు, ఈ అర నిమిషము ఒక యెత్తు. చదువుకొను పిల్ల, మెడలో కళాశాల గుర్తింపుకార్డు వ్రేలాడుచుండగా, చూడకయే బీడీ చుట్టుచున్నది. "మేడం, ఇదే మన సినిమా" అని కెమెరా బాలిక లేచి నిలిచినది. నా మనసులోని మాటయు అదియే.

ఆ బాలిక ముఖము వెలవెలబోయినది. "అది వద్దు" అన్నది. ఎందుకని నలుగురును అడిగిరి. ఆమె చెప్పలేదు. వద్దు అని మాత్రము మరల అన్నది.

అప్పుడు నేను ఉపన్యాసమిచ్చితిని. శ్రమ చేయుటలో సిగ్గేమున్నదంటిని. తల్లి చేయు పనిని చూచి తలవంచుకొనువారు చదువుకొనియు చదువుకొననివారే యంటిని. నీ వలన వేలమంది బాలికలకు ధైర్యము వచ్చుననియు అంటిని. ఆమెకు సిగ్గని నేనే నిర్ణయించి, ఆ సిగ్గును నేనే ఖండించితిని. పదునెనిమిదేండ్లు పాఠము చెప్పిన నోరు గనుక మాటలకు కొదువలేదు. ఆమె అంతయు విని, "మీ ఇష్టం మేడం" అన్నది. ఆ మాటను నేను అంగీకారముగా తీసుకొంటిని. ఉపాధ్యాయురాలి ఎదుట నిలిచిన పల్లె పిల్ల ఇంకేమనగలదో నేను ఆలోచింపలేదు.

మరునాటినుండి ఆమె కళాశాలకు రాలేదు. ఎనిమిది దినములైనది. ఫోను చేసినచో జ్వరమని చెప్పినది. శనివారము మధ్యాహ్నము నేనొక్కతెను బస్సెక్కి వారి యూరికి పోయితిని.

తల్లి నన్ను చూచి ఒడిలోని చాటను గబగబ ప్రక్కకు తీసి, నీళ్ళిచ్చి, కుర్చీ తుడిచి వేసినది. బాలిక లోపలి గుమ్మము వద్ద నిలిచియుండెను. జ్వరపు చిహ్నమేదియు నాకు కనబడలేదు. నేను చిత్రము సంగతి యెత్తబోవుచుండగా, తల్లియే మాట కలిపినది.

"నా బిడ్డ మంచిగ సదువుతుందా మేడం? నేను ఎన్నడు దాని చేతికి ఆకు తగలనియ్యలే. చిన్నప్పటి సంది. మా యమ్మ నాకు ఏడేండ్లకే చాట ఇచ్చింది, బడి బందయ్యింది. నా బిడ్డకు గట్ల కావద్దని ఒట్టు పెట్టుకున్న. ఊర్లె ఎవ్వల్నన్న అడుగుండ్రి, బీడీ చుట్టరాని పిల్ల ఈ వాడల ఇదొక్కతే."

ఇట్లని ఆమె గర్వముగా కూతురివంక చూచినది. కూతురు నావంక చూచినది.

ఆ చూపు నేను మరువలేను. నేనేమియు పలుకలేదు. బాగుగా చదువుచున్నదనియు, పరీక్షలు దగ్గరపడుచున్నవి గనుక పంపవలసినదనియు చెప్పి, టీ త్రాగి లేచితిని. బాలిక నన్ను బస్సువరకు సాగనంప వచ్చినది. త్రోవలో, నే నడుగకయే, ఆమె చెప్పినది. రెండేండ్లక్రిందట తల్లికి టైఫాయిడు వచ్చి ఇరువది దినములు మంచము పట్టినది. ఆకు అప్పటికే ఇంటికి తెచ్చియున్నారు. కట్టలు చేర్చకపోయినచో పుస్తకమునుండి పేరు పోవునని భయము. నాయనమ్మకు చూపు చాలదు. రాత్రులు తల్లి నిద్రించిన పిదప నాయనమ్మ ప్రక్కన కూర్చుండి చెప్పగా, ఈమె చుట్టినది. నాయనమ్మయే చేయుచున్నదని తల్లి యనుకొన్నది. ఆ ముసలామె మరుసటియేడు పోయినది. ఇక ఆ సంగతి తెలిసినవారు లోకమున ఎవరును లేరు.

"మరి ఆ దినము పెద్దవ్వ చాట ఎందుకు తీసుకొంటివి?" అని అడిగితిని.

"మనం ఆమె గంటలు మస్తు పాడుజేసినం గద మేడం" అన్నది.

మేము పోగుచేసిన డబ్బు ఆమె తీసుకొనలేదు, మేము కత్తిరించిన ఆకు పనికిరాలేదు. మా ఆరుగురి అప్పును ఆ పిల్ల ఒక్కతె, తాను దాచుకొన్న విద్యతో, టీ కాగునంతసేపులో కొంత తీర్చినది. దానిని మేము పట్టుకొని తెరమీద వేయబోయితిమి. మా చిత్రమును ఆ యూరిలో ప్రదర్శింతుమని పెద్దవ్వకు ముందే మాట యిచ్చియుంటిమి. తల్లి ముందు వరుసలో కూర్చుండునన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పిల్లకు మొదటి క్షణముననే తట్టినది.

సోమవారము కంప్యూటరు గదిలో గొడవ జరిగినది. కారణము నేను చెప్పలేదు. చెప్పుటకు నాకు హక్కు లేదు. తీసివేయవలెనని మాత్రము చెప్పితిని. కెమెరా బాలికకు కోపము వచ్చినది. "నిజం చూపెట్టనప్పుడు డాక్యుమెంటరీ అనుడెందుకు మేడం? మీరే గద అంత చెప్పింది" అన్నది. ఆమె తప్పేమియు లేదు. ఆ మాట అంత గట్టిగా ఆమెకు నేర్పినది నేనే. నేను తప్పు చెప్పితిననియు, ఆ అర నిమిషము చుట్టినయామెది గాని పట్టినయామెది కాదనియు, సంతకము నాది గనుక నింద నాపై వేయుమనియు చెప్పితిని. ఆమె కొంతసేపు కిటికీవంక తిరిగి నిలిచి, పిదప ఫోను తీసి, ఆ ముక్కను అందరి యెదుట తుడిచివేసినది. మాటాడని బాలిక మరునాడు కళాశాలకు వచ్చి తన మూడవ వరుసలో కూర్చున్నది.

పోటీలో మాకు ఏ బహుమతియు రాలేదు. చిత్రములో గుండెను పట్టునది కొరవడినదని న్యాయనిర్ణేతలు వ్రాసిరి. కెమెరా బాలిక ఆ కాగితము నాకిచ్చునప్పుడు ఏమియు అనలేదు; అనక పోవుటయే నాకు చాలినది.

మార్చి నెలలో ఒక రాత్రి ఆ యూరి మహిళా సంఘపు భవనము గోడకు తెల్లని దుప్పటి కట్టి చిత్రమును చూపితిమి. నలువదిమందికి పైగా వచ్చిరి. తెరమీద పెద్దవ్వ కనబడినప్పుడు నవ్వులు, కేకలు. ఆమె కార్ఖానా కట్టల సంగతి చెప్పునప్పుడు "ఔ, నిజం" అని వెనుకనుండి పలువురనిరి. ఆకు కత్తిరించు చోట తడిగుడ్డ కనబడుట లేదని ఒకామె తప్పుపట్టినది. ఆమె మాట సత్యమే, చూడ బాగుండదని బాలికలు ఆ గుడ్డను ప్రక్కకు తీసియుండిరి. నా వ్యాఖ్యానము మొత్తము మీద ఆరు వాక్యములు మిగిలినది. కన్నీరు ఒక్కమారును రాలేదు.

ఆ తల్లి నా ప్రక్కనే కూర్చుండెను. చివర పేర్లు వచ్చునప్పుడు నా మోచేయి పట్టుకొని, "ఇందుల నా బిడ్డ పేరేది మేడం?" అని అడిగినది. చూపించితిని. అది పోవునంతవరకు రెప్ప వేయక చూచినది. బాలిక తెరచెంత తీగలు చుట్టుచు ఇటు తిరుగలేదు.

దీపములు వేసినప్పుడు చూచితిని. పెద్దవ్వ గోడకు చేరగిలబడి యున్నది. ఒడిలో చాట. చిత్రము నడచినంతసేపును ఆమె చేతులు ఆగలేదు కాబోలు. కట్టి పెట్టిన కట్ట యొకటి ప్రక్కన నున్నది. రెండవదానికి దారము తీయుచున్నది.